రాకెట్ ఫొటోకు లామినేషన్

ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. బడంగ్‌పేట్‌లో ఉండే పెద్దాయన.

"ఫొటో మీకే ఇచ్చేద్దామనుకుంటున్నానండీ. దిల్‌సుఖ్‌నగర్ వచ్చాను, కోచింగ్ సెంటర్ల సందులో లామినేషన్ చేయించి ఇస్తాను. పాడవకుండా ఉంటుంది."

"వద్దండీ, ఆపండి!" అనేలోపే పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నాకు పాత రాకెట్ ఫొటోల పిచ్చి. మనవాళ్లు సముద్రం ఒడ్డున చిన్న చిన్న రాకెట్లు ఎగరేసిన తొలి రోజులవైతే ఇక తిండి కూడా గుర్తుండదు. ఈ పెద్దాయన అప్పట్లో అక్కడ ఫిట్టరు. ఆయన దగ్గరున్నది ఒకే ఒక్క ఫొటో. నలుగురు మనుషులు ఇసుకలో రాకెట్‌ను బండి మీద పెట్టి తోస్తుంటారు. దానికోసం వాళ్లింటికి మూడుసార్లు తిరిగాను. వేడి మెషిన్‌లో పెడితే పాత ఫొటో పైపూత కరిగి ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది. ఆ తర్వాత బ్రహ్మ దిగొచ్చినా ఊడదీయలేడు. మన దగ్గరేమో టెన్త్ మెమో నుంచి దేవుడి పటం దాకా దేన్నైనా లామినేషన్ చేయిస్తేనే భద్రమని నమ్మకం!

మధ్యలో రెండే స్టేషన్లు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నింపాదిగా ఎక్కేవాళ్లను లోలోపలే తిట్టుకున్నాను. దిగి పరుగెత్తాను. ఆ సందులో అడుగుకో జిరాక్స్ షాపు. మూడింటిలో లేరు. నాలుగోదాంట్లో కనిపించారు. షాపామె ఫొటోను ప్లాస్టిక్ కవర్లో సర్దుతోంది. మెషిన్ అప్పటికే వేడెక్కి ఉంది.

చేయి చాపి లాక్కున్నాను. "బుద్ధుందా అండీ మీకు? ఇదేమన్నా రేషన్ కార్డా? దీని విలువేంటో తెలుసా?"

షాపామె లేచింది. "ఏంది సారూ, పెద్దమనిషి మీద గట్ల ఒర్లుతున్నరు? జర మర్యాదగ మాట్లాడుండ్రి."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఊరికే చేయి చాపారు. ఫొటో ఇచ్చేశాను.

"మూడుసార్లు వచ్చారు. భూతద్దం పెట్టి రాకెట్ తోక చూశారు, బోల్టులు లెక్కపెట్టారు. ఈ నలుగురిలో నేనెవర్నో ఒక్కసారైనా అడిగారా బాబూ?"

నిజంగానే అడగలేదు.

"మా మనవరాలికి తెలుసు. రోజూ వేలు పెట్టి చూపిస్తుంది. చిన్నపిల్ల, చెమట చేతులు." ఫొటోను షాపామెకు అందించారు. "కానివ్వమ్మా. దానికే ఇస్తాను."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను. ముందు రాకెట్ లోపలికి పోయింది, దాని వెనకాల తోస్తున్న నలుగురూ పోయారు. వాళ్లలో ఆయనెవరో అప్పుడు కూడా నేను పోల్చుకోలేకపోయాను.