పేరు చెరిపిన బస్సు స్టాపు

ఆ ఊరికి వెళ్లాలని నాకేమీ లేదు. పాత పరిచయస్తుడు, రిటైరైన హెడ్మాస్టరు సుబ్రమణ్యం మూడు నెలలుగా ఫోన్లు చేసి చంపుతున్నాడు. "మా ఊర్లో కులం సూడడం మానేసినాం అబ్బా. ఒకసారి వచ్చి సూసి రాయి." ముప్ఫయ్యేళ్లు పత్రికలో పనిచేసినవాడికి ఇలాంటి పిలుపు వినగానే నీరసం వస్తుంది. అయినా ఒక సోమవారం ఉదయం ఆరూ పదికి తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కాను.

పూతలపట్టులో దిగేసరికి ఏడున్నర. అక్కడినుంచి పాత రోడ్డు మీద తిరిగే ఆర్డినరీ బస్సు పట్టుకోవాలి. అరగంటకొకటి అన్నారు; నాకు ముప్పావు గంట పట్టింది. పాల క్యాన్లతో పక్కన కూర్చున్నాయన నేను వెళ్లే ఊరి పేరు విని తలూపాడు. "శానా మంచి ఊరు సార్. గొడవలే ఉండవు."

ఊరి పేరు రాయను. ఈ జిల్లాలో సగం ఊళ్లకున్నట్టే దాని పేరులోనూ ఒక కులం పేరుంది. ఊరి మొదట్లో కొత్త నీలం బోర్డు: "ఇక్కడ కుల ప్రస్తావన లేదు." దాని కిందే సుబ్రమణ్యం నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఇంటికి తీసుకెళ్లి ఉప్మా, మంచి ఫిల్టరు కాఫీ పెట్టించి, పెద్దలంతా కూర్చుని చేసిన తీర్మానం చూపించాడు. ఊళ్లో ఏ గోడ మీదా, ఏ బోర్డు మీదా కులం మాట ఉండకూడదు. చిత్తూరు వైపు ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఉన్న బస్సు షెల్టరు మీద "హరిజనవాడ" అన్న అక్షరాలకు తానే దగ్గరుండి రంగు వేయించాడట. ఆ మీటింగులో వాడ నుంచి ఎవరు కూర్చున్నారని అడిగాను.

"ఎవరు ఏ కులమో మేం సూడం కదబ్బా, ఎట్ల చెప్పేది?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. మంచివాడు. నేను మిగిలిన కాఫీ తాగేశాను.

మోటారుసైకిలు మీద దింపుతానన్నా వద్దని, ఆ షెల్టరు దాకా నడిచాను. తొమ్మిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. షెల్టరు నుదుటి మీద నీలం పట్టీ ఉంది, పేరు లేదు. రోడ్డంచున యాభై దాటిన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పేరు మునెమ్మ. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఇక్కడ బస్సు ఆపమని రాసిన అర్జీ. ఆమె భర్తకు సోమవారం, గురువారం చిత్తూరు ఆసుపత్రిలో డయాలసిస్. పొద్దున్నే పొరుగాయన బండి మీద తీసుకెళ్లాడు. తిరిగి తెచ్చుకునేది మాత్రం బస్సులోనే. పేరు చెరిపాక ఈ స్టాపు టికెట్టు మిషన్లోంచి కూడా పోయింది. ఊళ్లో దిగి వెనక్కి నడవాలి. పోయిన గురువారం ఆయన సగం దారిలో రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

పాత పేరు ఇష్టమేనా అని అడిగాను.

"ఆ పేరు ఎవురికి ఇష్టం సార్? తీసేస్తే తీసేసినారు. బస్సును తీసెయ్యమని మేం సెప్పినామా?"

ఇంతలో బస్సు వచ్చింది. నేను షెల్టరు నీడలోనే ఉన్నాను. ఆమె చెయ్యెత్తింది. బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. పది గంటలకు ఇంకొకటి వచ్చింది. ఈసారి ఇద్దరం రోడ్డంచున నిలబడ్డాం, నేను చెయ్యెత్తాను. ఆగింది.

"ఈడ స్టాపు లేదు. పెద్దాయన నిలబడినారని ఆపినాం" అన్నాడు కండక్టరు. ముందు బస్సు ఈమెకు ఆగలేదన్నాను. "సూసుండడు సార్" అని ఆమెకు ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు కొట్టి ఇచ్చాడు.

చిత్తూరులో నేనూ ఆమె వెంటే వెళ్లాను. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే చోట గంటన్నర క్యూ. గుమాస్తా కాగితం చదివి పక్కన పెట్టాడు. పేరు లేని చోట స్టాపు ఇవ్వలేరట. పాత పేరు రాద్దామంటే అది కులం పేరు, రాయకూడదట.

"ఊరి పేరులో ఉండేదీ కులమే కద సార్?" అంది మునెమ్మ.

"అది ఊరి పేరమ్మా" అన్నాడతను.

కొత్త పేరు ఊరివాళ్లే తీర్మానం చేసి పంపాలని రాసి అర్జీ తిరిగిచ్చాడు. బయటికొచ్చి సుబ్రమణ్యానికి ఫోన్ చేశాను. ఆయన చాలా బాధపడ్డాడు. "వాళ్లకని విడిగా ఒక పేరు పెడితే మళ్లీ భేదం మొదలైనట్టే కదబ్బా" అన్నాడు. నడిచేది ఎవరో చూడవయ్యా అన్నాను. మేం అట్లా చూడం అన్నాడు. ఫోన్ పెట్టేశాను. పక్క హోటల్లో అన్నం తిన్నాను.

రెండున్నరకు తిరుగు బస్సెక్కాం. మునెమ్మ భర్త మోచేతి దగ్గర దూది అంటించుకుని, కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. నీలం షెల్టరు కనపడగానే లేచి ఆపమన్నాను. కండక్టరు నా వంక చూసి విజిల్ వేశాడు. బస్సు మెత్తగా ఆగింది. ఆమె ముందు దిగి, ఆయన్ను రెండు చేతులా పట్టి దింపుకుంది. తర్వాత కిటికీ దగ్గరికొచ్చింది.

"గురువారం కూడా వస్తారా సార్?"

బస్సు కదిలింది. పూతలపట్టులో మారి, తిరుపతి చేరేసరికి ఐదున్నర.

ఆ దారిన వెళ్లే పాఠకులకు ఒక మాట. సోమవారమో గురువారమో మధ్యాహ్నం చిత్తూరులో పాత రోడ్డు బస్సెక్కితే కుడి వైపు కూర్చోండి. పేరు లేని నీలం షెల్టరు ఒకటి వస్తుంది. లేచి ఆపమనండి. మీరు అడిగితే ఆపుతారు.