ఒక సైకిలు, రెండు పందాలు

పదిహేనేళ్ల వయసులో మనిషికి ఉండే ధీమా ఆ తర్వాత ఎక్కడికి పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజుల్లో నేనూ మా అన్నా కలిసి, ముందు బుట్ట ఉన్న ఒకే ఒక్క ఆడపిల్లల సైకిలుతో చుట్టుపక్కల మొనగాళ్లందరినీ ఓడించగలమని నిజంగానే నమ్మాం. ఆ సైకిలు నాది. తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సర్కారు ఇచ్చిన నీలం రంగు సైకిలు. కాగితం మీద నాదే గానీ, హిందీ రాష్ట్రం అంచున ఉన్నా తెలుగే మాట్లాడే మా తర్లగూడ రోడ్ల మీద దాన్ని తొక్కేది మా అన్న. నాకంటే రెండేళ్లు పెద్ద, సైకిలంటే పిచ్చి. భోపాలపట్నం నుంచి వచ్చే బస్సు కనబడితే చాలు, దాని వెంట పడేవాడు. ఎవరో దిగడానికి బస్సు ఆగినప్పుడు దాన్ని దాటేసి, బస్సును ఓడించానని ఊరంతా చెప్పుకునేవాడు.

ఆ చలికాలం, మిరపకాయలు కోతకొచ్చిన రోజుల్లో, మా ఊళ్లోనే సైకిలు పందాలు పెడుతున్నారని తెలిసింది. ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి. మగపిల్లల్లో మొదటివాడికి గేర్ల సైకిలు బహుమతి. ఆ మాట విన్నప్పటి నుంచి అన్నకు అన్నం సహించలేదు (అంటే, మూడు పూటలా తినేవాడు గానీ ధ్యాస ఉండేది కాదు). పొద్దున్నే నన్ను లేపి రోడ్డు మీద కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టేవాడు. తాను మలుపు దాకా పోయి తిరిగొచ్చేలోగా నేను ఒకటి నుంచి లెక్కపెట్టాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ బాపు జేబులో మిరపచేనుకు పోయేది కనుక మాకు గడియారమంటే నా నోరే. అన్న మీద కోపంగా ఉన్న రోజు గబగబా లెక్కపెట్టేదాన్ని, పాపం ఎంత తొక్కినా మూడొందలు దాటిపోయేది. మంచిగా ఉన్న రోజు పాటలాగా సాగదీసేదాన్ని. ఒకనాడు పక్క చేనులో మిరపకాయలు ఎత్తుతుంటే ఘాటుకు వరసగా ఆరు తుమ్ములొచ్చి లెక్క ఆగిపోయింది. ఆరోజు అన్న నూట అరవైలో వచ్చేశాడు. ఇంటికి పోయి అమ్మకు చెబితే, అమ్మ ఎదురొచ్చి దిష్టి తీసింది. ఆ రికార్డును అన్న మళ్లీ ఎన్నడూ అందుకోలేదు.

అంతా బాగుందనుకుంటుండగా మా బళ్లో ఆటలు నేర్పే గురూజీ అడ్డం పడ్డాడు. ఆయనది జగదల్‌పూర్ అవతల ఎక్కడో ఊరు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడితే మాటలు తలకిందులుగా వచ్చేవి. ఆడపిల్లల పందానికి పేర్లు తక్కువ పడ్డాయట.

"సైకిల్ ఎవరిది?" అన్నాడు అన్నను పట్టుకుని.

"మా చెల్లెది, గురూజీ."

"అయితే చెల్లె పందెం వస్తే, సైకిల్ పందెం వస్తది. చెల్లె రాదు, సైకిల్ భీ రాదు. బస్."

అన్న ఇంటి దగ్గర సైకిలు దిగి, చాలా పెద్దమనిషిలాగా నా భుజం మీద చెయ్యేశాడు. "చూడవే, నువ్వు గెలువనక్కర్లేదు. నీ పందెమైనంక నాది. సైకిల్‌ను భద్రంగా తెచ్చి నా చేతుల పెట్టు, అంతే. గుంతల పడకు. ముళ్లున్నకాడ దిగి నడువు."

"పందెంల దిగి నడుస్తరా అన్నా?"

"నువ్వు నడువు."

తర్వాతి గొడవ సీటు దగ్గర. నా కాళ్లు పొట్టి, అన్నవి పొడుగు. పందానికీ పందానికీ మధ్య పానా పట్టుకుని సీటు ఎత్తే వ్యవధి ఉండదు. రెండు రోజులు కొట్లాడుకున్నాక బాపు వచ్చి, "నడిమిట్ల పెట్టుండ్రి" అని తీర్పు చెప్పాడు. అలా పెట్టిన సీటు మీద కూర్చుంటే నా బొటనవేళ్లు మాత్రమే పెడలుకు తగిలేవి, అన్న మోకాళ్లు పోయి హ్యాండిలుకు కొట్టుకునేవి. ఇద్దరికీ సమానంగా ఇబ్బంది కలిగినందువల్ల అది న్యాయమేనని ఒప్పుకున్నాం.

ఆడపిల్లల పందెం భోపాలపట్నం దారిలో ఒక ఊరి నుంచి బయలుదేరి మా బడి గేటు దగ్గర ముగుస్తుంది. మగపిల్లలు అక్కడికి కిలోమీటరు అవతల, అంగడి మైదానంలో వేసిన టెంటు దగ్గర మొదలుపెడతారు. నా పందెం అయ్యాక గంటకు వాళ్లది. గంట అంటే చాలా కాలం. అందుకే ఈల వేయగానే మిగతా అమ్మాయిలు దుమ్ము రేపుకుంటూ పోతే, నేను అన్న చెప్పినట్టు గుంతలు తప్పించుకుంటూ, రోడ్డు పక్క ఎర్రగా ఆరబోసిన మిరపకాయలను చూసుకుంటూ, పెళ్లికి పోతున్నట్టు పోయాను. ఒకచోట తుమ్మముళ్లు కనబడితే నిజంగానే దిగి నడిచాను కూడా. గట్టు మీద కూర్చున్న ఒక ముసలవ్వ జాలిపడి, "ఏం బిడ్డా, పంచర్ అయిందా?" అని అడిగింది. "లేదవ్వా, కావొద్దని నడుస్తున్న" అన్నాను.

సగం దారి దాటానో లేదో, మైకు కట్టిన జీపు ఎదురొచ్చింది. ముఖ్య అతిథిగారికి ఇంకెక్కడో పని పడిందట, మగపిల్లల పందెం ముందుకు జరిపారట, అందరూ వెంటనే టెంటు దగ్గరికి రావాలట. హిందీలో రెండుసార్లు చెప్పి జీపు పోయింది. టెంటు దగ్గర అన్న ఛాతీకి నంబరు కట్టుకుని, ఉత్త చేతులతో నిలబడి ఉన్నట్టు కళ్లకు కట్టింది.

అప్పుడు తొక్కాను. సీటు మీద కూర్చుంటే పెడలు సరిగా అందదు కనుక నిలబడే తొక్కాను. గుంతలు తప్పించడం మానేశాను. ఒక్కొక్క అమ్మాయినీ దాటుతున్నాను గానీ ఎందరిని దాటానో, ముందు ఇంకెందరున్నారో నాకు పట్టలేదు. తెల్ల బూట్లు వేసుకుని పెద్ద ఊరి నుంచి వచ్చిన పొడుగు జడ పిల్ల, నేను పక్కకు రాగానే, "ఏంది, గట్ల పోతున్నవ్?" అని రొప్పుతూ అరిచింది.

"మా అన్నకు ఆలస్యమైతాంది!" అని నేనూ అరిచాను.

బడి గేటు వచ్చింది. నేల మీద సున్నం గీత, అటూ ఇటూ జనం, గేటు పక్కన సైకిళ్లతో నిలబడ్డ అమ్మాయిలు. వీళ్లంతా ఎప్పుడో వచ్చేశారన్నమాట అనుకున్నాను (వాళ్లు చూడటానికొచ్చిన పదో తరగతి వాళ్లని తర్వాత తెలిసింది). గీత దగ్గర, వచ్చిన వరస రాసిచ్చే పర్చీలు పట్టుకుని కూర్చున్నాయన లేచి నా వైపు ఒక చీటీ చాచాడు. నేను ఆగలేదు. "రుకో! బేటీ, రుకో!" అని వెనక కేకలు. నా బ్రేకులు ఫెయిలయ్యాయనుకుని గురూజీ మోటారు సైకిలు తీసుకుని వెంటపడ్డాడు. "బ్రేక్ మారో!" అని ఆయన, "బ్రేకులున్నయ్ గురూజీ, టైమే లేదు!" అని నేను, అలా ఇద్దరం కిలోమీటరు పొడుగునా అరుచుకుంటూ అంగడి మైదానానికి చేరాం.

మగపిల్లలు అప్పటికే వెళ్లిపోయారు. దూరంగా దుమ్ము మాత్రం కనబడుతోంది. అన్న ఒక్కడే గీత మీద నిలబడి ఉన్నాడు, ముఖం వాడిపోయి. నన్ను చూడగానే ఆ ముఖం వెలిగింది. నేను దిగడం కాదు, అన్నే నన్ను ఒక చేత్తో దింపి ఎక్కాడు. ఏడుపు గొంతుతో "పొయ్యిండ్రు గదా అన్నా" అంటే, "ఎంత దూరం పొయ్యిండ్రు తియ్!" అని వెళ్లిపోయాడు. నా చున్నీ బుట్టలోనే ఉండిపోయి, జెండాలాగా ఎగురుతూ పోయింది.

వాళ్లు టెంటు దగ్గరికి తిరిగొచ్చేటప్పుడు లెక్కపెట్టాను, ఈసారి నిజాయితీగా. నలుగురు వచ్చారు. ఐదోవాడు మా అన్న. మోకాళ్లు రెండూ ఎర్రగా గీసుకుపోయి, మెడకు నా చున్నీ చుట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతూ వచ్చాడు. బహుమతులు ముగ్గురికే. గేర్ల సైకిలును ఎవరో వేరే ఊరి అబ్బాయి తోసుకుంటూ పోతుంటే అన్న దాని చక్రాల వంకే చూస్తున్నాడు. నేను ఉండబట్టలేకపోయాను. "నా వల్లనే అన్నా. ముందుగాల మెల్లగ వచ్చిన. దిగి నడిచిన గూడా."

అన్న నా వైపు తిరిగాడు. "నువ్వేం లేటు చెయ్యలే. వాళ్లే తొందరపడ్డరు."

ఇంతలో మైకులో ఆడపిల్లల్లో మొదట వచ్చిన నంబరు పిలిచారు. ఎవరో అదృష్టవంతురాలు అనుకుని నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. రెండోసారి పిలిచారు. మళ్లీ కొట్టాను. అన్న నా ఛాతీ మీది నంబరు చూసి, నా రెండు చేతులూ పట్టుకుని ఆపాడు. "ఏయ్ పిచ్చిదానా, ఎవలికి కొడ్తున్నవ్? అది నువ్వే!"

పర్చీలాయన ఒప్పుకోలేదు. చీటీ తీసుకోలేదు కాబట్టి చెల్లదన్నాడు. అప్పుడు మా గురూజీ లేచి, జీవితంలో మొదటిసారి తెలుగులో తలకిందులు కాని వాక్యం చెప్పాడు: "ఈ పిల్ల గీత దాటిందా లేదా? అందరికంటే ఒక కిలోమీటర్ ఎక్కువే దాటింది." తొందరగా పోవాల్సిన ముఖ్య అతిథిగారు కూడా కూర్చుని నవ్వారు. నాకు ప్రెషర్ కుక్కర్ ఇచ్చారు. అన్న దాన్ని నెత్తిన పెట్టుకుని, ఇంటి దాకా కనబడిన ప్రతి మనిషినీ ఆపి, "మా చెల్లె గెలిచింది, నేనే నేర్పిన" అని చెప్పాడు. తనకొచ్చిన ఐదో స్థానం సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

తర్వాత జగదల్‌పూర్ పందాలకు కూడా నన్ను తీసుకుపోయారు, అన్న కోచ్‌గా వచ్చాడు. అక్కడ సన్న టైర్ల సైకిళ్ల మీద వచ్చిన అమ్మాయిల వీపులు మొదటి మలుపు దాకా చూశాను. ఆ తర్వాత అవీ కనబడలేదు. వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం.

ఇప్పుడు అన్న సొంత జీపు నడుపుతున్నాడు. నేను నర్సుగా ఊళ్లు తిరుగుతూ స్కూటీ మీద గుంతలన్నీ జాగ్రత్తగా తప్పిస్తాను. అప్పుడప్పుడు ఆ బడి గేటు ముందు నుంచి పోతుంటే, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, నిలబడి తొక్కుకుంటూ వస్తున్న ఒక పొట్టిపిల్ల గుర్తొస్తుంది. తానే మొదటిదని దానికి తెలియదు. పిలిచి చెప్పాలనిపిస్తుంది. వద్దులే అనుకుంటాను. చెబితే ఆగిపోతుంది, అక్కడ అన్న ఎదురు చూస్తున్నాడు.