త్రిభుజం బయటి చుక్క

మరాఠీ నేల మీది దుర్గాపూర్ బొగ్గుగని క్వార్టర్లలో ఉండే భూదేవి చదివింది నాలుగో తరగతి. ఇంటి పనయ్యాక ఇరుగుపొరుగుకు జాకెట్లు కుట్టేది. పదో తరగతి చదివే కూతురు అక్షిత లెక్కల పుస్తకం తీస్తే, ఆమె మెల్లగా పొయ్యి దగ్గరికి తప్పుకొనేది.

శ్రావణంలో నాలుగు రోజుల జ్వరంతో అక్షిత పోయింది.

అంతకు వారం ముందు ఆ పిల్ల ట్యూషన్‌లో వినాయక్ సార్‌తో వాదించింది. త్రిభుజం మూడు మూలలనూ తాకుతూ పోయే వృత్తానికి కేంద్రం కనుక్కోవాలి. అది త్రిభుజం బయట పడుతుందని అక్షిత, లోపలే ఉండాలని సార్. "ఇగ నువ్వే పాఠం చెప్పు, నేను కింద గూసుంట" అని ఎత్తిపొడిచి, జవాబును ఎర్ర సిరాతో కొట్టేసి, పిల్ల ఎదురు చెబుతోందని ఇంటికి కబురంపాడు.

"అమ్మా, ఒక్కసారి నేను గీసింది చూడు" అంది అక్షిత. భూదేవి చూడలేదు. చెయ్యి పట్టుకొని ట్యూషన్‌కు లాక్కెళ్లి, పిల్లలందరి ముందూ తప్పయిందని సార్‌ను మాఫీ అడిగించింది.

ఇప్పుడా నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుంటే ఒక్కటే తొలుస్తోంది. ఏ తప్పూ లేని పిల్ల తల వంచించానా?

కేంద్రమంటే మూడు మూలలకూ సమాన దూరంలో ఉండే చుక్క అని అక్షిత ఒకసారి చెప్పింది. సమానంగా మడవడం భూదేవికి చేతనైన పనే. జాకెట్ కొలతలు గీసుకునే పాత పేపర్ మీద ఆ పేజీ పరిచి, మూడు మూలల్లో సూదితో పొడిచింది. రంధ్రం మీద రంధ్రం పడేలా పేపర్ మడిచి గోటితో నొక్కింది. విప్పి, ఇంకో జత మడిచింది. రెండు మడతలు కలిసిన చోటు త్రిభుజంలో లేదు, పొడుగు గీతకు కింద ఉంది. నమ్మకం చాలక దారంతో కొలిచింది. మూడు మూలలకూ ఒకటే పొడవు.

సాయంత్రం ట్యూషన్‌కు వెళ్లి నోట్‌బుక్కూ మడతల పేపరూ సార్ ముందు పెట్టింది. ఆయన స్కేలు పెట్టి మూడు దూరాలూ కొలిచాడు.

"పిల్లదే బరాబర్ అక్కా. ఒక మూల బాగా తెరుసుకుంటే కేంద్రం బయటికే పోతది. నేనే తొందర్ల చూడలే" అని దిద్దడానికి పెన్ను తీశాడు.

భూదేవి నోట్‌బుక్ వెనక్కి లాక్కుంది. "నాకు దిద్ది ఏం జేస్తరు సార్? గా పిల్లలకు చెప్పుర్రి. వాళ్ల ముంగటనే గదా నా బిడ్డ మాఫీ అడిగింది."

సార్ లేచి, అక్షిత జవాబు సరైనదేనని పిల్లలకు మరాఠీలో చెప్పాడు. ఇది పరీక్షకు వస్తుందా అని ఒకమ్మాయి అడిగింది. రావచ్చన్నాడు. అందరూ వంగి రాసుకున్నారు.

ఆ రోజు బిడ్డను మాఫీకి లాక్కొచ్చింది తనేనని కూడా చెప్పాలని భూదేవి గుమ్మంలోనే నిలబడింది. సార్ బోర్డు తుడిచి తర్వాతి లెక్క మొదలుపెట్టాడు.