పసుపు మచ్చలో గొంతు

పోయిన వారం పని మీద బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి వెళ్ళాను. అక్కడొకాయన చేతిలో పట్టే చిన్న పరికరాన్ని గొట్టాల వైపు తిప్పగానే, గాలి లీకవుతున్న చోట తెర మీద ఎర్రటి మచ్చ కనిపించింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం మా పాత కంపెనీ మేడ గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో గచ్చిబౌలిలోని ఒక చిన్న కంపెనీలో మేమూ అలాంటిదే తయారుచేయాలని తంటాలు పడేవాళ్ళం. చట్రానికి వరసగా మైకులు బిగించి, శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో రంగుల్లో చూపించాలి. ఈల వేస్తే చుక్కలా కనిపించేది. మగగొంతు మాత్రం ఒలికిన సాంబారులా తెరంతా పరుచుకునేది. పైగా ఎదురుగా అద్దాల భవనం. రోడ్డు మీది హారన్ ఆ అద్దాల్లోనే మోగినట్టు కనిపించేది. మా బృందానికి పెద్ద ఒక నల్లగొండాయన; అందరం ఆయన్ని అన్నా అనే పిలిచేవాళ్ళం. నాది గుంటూరు. బయట ఆంధ్రా, తెలంగాణ గొడవ ఎంత వేడిగా ఉన్నా, నా డబ్బాలోని గోంగూర పచ్చడిని ఆయన ఏనాడూ వదల్లేదు.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం మేడ మీద చట్రం నిలబెట్టి రికార్డు చేస్తుండగా కింద ఊరేగింపు వచ్చింది. ముందు వరసలో అన్న సొంత తమ్ముడున్నాడు. ఇద్దరూ గోపన్‌పల్లిలో ఒకే గదిలో కిరాయికుండేవారు. అతను తలెత్తి, "అన్నా, నువ్వు గూడ రా" అని కేకేశాడు. అన్న నవ్వి చెయ్యూపాడు. ఆ సాయంత్రం బంద్ ముగిశాక ఇంటికి వెళ్తున్న తమ్ముణ్ణి లారీ గుద్దింది. దవాఖానకు చేరేలోపే పోయాడు.

దినాలయ్యాక అన్న పనిలోకి వచ్చి, ఆనాటి రికార్డింగు తెరిచాడు. నినాదాల్లోంచి ఆ ఒక్క కేకను విడదీయాలని ఆయన తపన. వందల గొంతులు కలిసి ఒకటే పసుపు మచ్చ. చట్రం ఇంకా వెడల్పుగా ఉండుంటే విడిపోయేవేమో. ఆ మధ్యాహ్నాన్ని మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం? నెలల తరబడి లెక్కలు మార్చి చూశాడు. ఆయన గదిలోంచి నినాదాలు వినబడుతుంటే, అన్నం తింటున్న మేం డబ్బాలు మూసేసేవాళ్ళం.

ఒకనాడు నన్ను పిలిచి, ఎదుటి భవనం అద్దం మీద సన్నటి మచ్చ చూపించాడు.

"గిది వాడే, చెల్లె."

"అక్కడెవరూ లేరండి. అద్దానికి తగిలి వచ్చిన శబ్దం" అన్నాను మెల్లగా.

"ఎరుకే. అద్దంల కనబడ్డా మనిషి మనిషే గద."

కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. మళ్ళీ మళ్ళీ చూశాం.

రాష్ట్రం వచ్చాక ఆయన ఆ ఉద్యోగం మానేశాడు. పోయిన వారం ఆ ఫ్యాక్టరీ నుంచి రాగానే ఫోన్ చేశాను. అవీ ఇవీ మాట్లాడి, ఆ రికార్డింగు ఇంకా ఉందా అని అడిగాను.

"ఉన్నది. మొన్న విన్న" అన్నాడు. "గన్ని గొంతులల్ల వాడిదేదో నాకు గుర్తువట్టరాలే."

పోయినవాళ్ళని కాలం ఒక్కసారే తీసుకుపోదు. ముఖాన్ని ఫోటోల్లో మనకు వదిలేసి, ఏ రోజున పోయిందో తెలియకుండా గొంతును పట్టుకుపోతుంది.