సున్నం కొట్టే మనిషి

నా చిన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే బడికి పోయేసరికి, తెల్లటి గోడ నిండా ఎర్రటి అక్షరాలు... ఒక్కొక్కటి నా అంత ఎత్తు. "పొరాటం ఆగదు" అని రాసి ఉంది. దీర్ఘం పెట్టడం కూడా రానివాళ్ళెవరో రాశారు. అయిదో తరగతి పిల్లలం మేమంతా నవ్వుకున్నాం. మా అయ్యవారు మాత్రం నవ్వలేదు. ముఖం పాలిపోయి కుర్చీలో కూలబడ్డారు.

కుందుర్పి పక్కన మా ఊరు. తొంభైల చివర... వానల్లేక వేరుశనగ ఎండిపోయే రోజులు. చేనులో పని లేనప్పుడు మా నాయన ఎర్రిస్వామి ఇళ్ళకు సున్నం కొట్టేవాడు. ఈతమట్ట దంచి కుంచె తనే చేసుకునేవాడు. గాబులో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగేది... మేం చుట్టూ చేరితే "కండ్లలో పడ్తాది, దూరం పోండి పాపా!" అని అరిచేవాడు.

ఆ మధ్యాహ్నమే పోలీసు జీపు వచ్చింది. ఎస్సై గోడను చూశాడు, అయ్యవారిని చూశాడు.

"సాయంత్రానికి ఈ గోడ తెల్లగా ఉండాల. లేదంటే నువ్వు జీపులో ఉంటావు."

అయ్యవారు మా ఇంటికి మనిషిని పంపారు. నాయన వెంటనే నిచ్చెన వేసుకుని పోయి, పొద్దు గుంకేలోగా రెండు పూతలు పూశాడు. అందరిలాగే ఆయనా అంతటితో అయిపోయిందనుకున్నాడు.

నాలుగు రోజులకు, అన్నం బెల్లు కొట్టే వేళ, అడవిలో తిరిగే అన్నలు అయిదుగురు వచ్చారు. భుజాలకు తుపాకులు. వాళ్ళ నాయకుణ్ణి అందరూ పెద్దన్న అనేవాళ్ళు. ఊరినంతా బడి ముందుకు పిలిపించి, ఎర్రటి ఎండలో కూర్చోబెట్టి, గంటసేపు మాట్లాడాడు. పేదల కోసమే ఇదంతా అన్నాడు. ఆయన మాత్రం వరండా నీడలో నిలబడ్డాడు. ఇది నాకు బాగా గుర్తు.

తర్వాత అడిగాడు. "గోడ చెరిపినోడు ఎవడు?"

నాయనే లేచాడు. "నేనేనన్నా. పోలీసోళ్ళు కొట్టమంటే కొట్నా."

"ఎవురి మనిషివి నువ్వు?"

"నేను సున్నం కొట్టే మనిషినన్నా."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దన్నకు అది ఎగతాళి అనిపించింది కాబోలు. అక్కడికక్కడే ప్రజాకోర్టు అన్నారు. ప్రజలంటే మేమే... మమ్మల్ని మాత్రం ఒక్క మాటా అడగలేదు. ఇద్దరు నాయనను పట్టుకున్నారు. మూడోవాడు తుపాకీ మడమతో కుడి చేతి మీద కొట్టాడు. ఒకసారి కాదు. మా నాయన అట్లా అరవడం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

అమ్మ ఉరికిపోయి పెద్దన్న కాళ్ళ మీద పడింది. "ఆయన చెయ్యి ఇరిగితే మేం ఎట్ల బతికేది సామీ?"

"ఇది హెచ్చరికే అక్కా," అన్నాడు పెద్దన్న. అక్కా అని పిలిచాడు... అంత మర్యాదస్తుడు!

పోయేముందు గోడ మీద మళ్ళీ రాయించాడు. రెండోసారి కూడా "పొరాటం" అనే రాశారు. జనాన్ని బాగుచేస్తామని వచ్చిన మేధావులు.

నాయనను కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయి చేతికి కట్టు కట్టించుకొచ్చాం. వచ్చిన మర్నాడే మళ్ళీ జీపు. అన్నలు వచ్చినట్టు స్టేషన్‌కు ఎందుకు చెప్పలేదని ఎస్సై అడిగాడు. విరిగిన చెయ్యి కళ్ళముందే వేలాడుతుంటే ఆ పెద్దమనిషి అడిగిన మాట... "ఎవరి మనిషివిరా నువ్వు?"

మూడు రోజులు స్టేషన్లో పెట్టుకుని పంపించారు. వచ్చాక నాయన అమ్మతో అన్నాడు. "ఇద్దరూ ఒకే మాట అడిగినారు మే. నేనూ ఒకే మాట చెప్పినా. ఇద్దరూ నమ్మల్యా."

ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు. మా అమ్మ కూలికి పోయి మమ్మల్ని సాకింది. నేను చదువు మానకుండా చూసింది.

కొన్నేళ్ళకు పెద్దన్న లొంగిపోయాడు. నేను కళ్యాణదుర్గంలో డిగ్రీ చదువుతుండగా అక్కడ శాంతి సభ పెట్టారు. విత్తనకాయలకని నాయన ఆ రోజు టౌనుకు వచ్చాడు, నాతో పాటు సభకూ వచ్చాడు. వేదిక మీద పెద్దన్న... ఇస్త్రీ నలగని తెల్లబట్టల్లో. పక్కన ఆనాటి ఎస్సై, పెద్ద హోదాలో. ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. రెండు వైపులా పొరపాట్లు జరిగాయని మైకులో చెప్పుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. వీళ్ళ రెండు వైపుల మధ్య మాలాంటి ఊళ్ళు ఉన్నాయని ఒక్కడూ అనలేదు.

సభ అయ్యాక నాయన మెల్లగా వేదిక దగ్గరికి పోయాడు.

"అన్నా... నేను ఎర్రిస్వామిని. బడి గోడకు సున్నం కొట్టినోణ్ణి."

పెద్దన్న నవ్వుతూ చూశాడు. "ఏ ఊరప్పా మీది?"

నాయన చెప్పాడు. పెద్దన్న పక్కవాడి వైపు తిరిగి, "ఆ ఊరికి ఎప్పుడైనా పోయినామా మనం?" అని అడిగాడు. వాడు తల గోక్కున్నాడు. "ఏమన్నా పనుంటే ఇంటికి రాప్పా," అని కారెక్కి పోయాడు పెద్దన్న.

నేను కోపంతో ఊగిపోయాను. నాయన మాత్రం బస్సులో కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. సగం దారిలో అన్నాడు.

"మతికే లేదంట పాపా... వాళ్ళకు నేను శత్రువును గూడా కాదు."

నాయన ఇప్పుడు లేడు. తుపాకులూ లేవు మా వైపు. ఆనాటి వాళ్ళు ఇప్పుడు టీవీల్లో కూర్చుని ఎవరు గెలిచారో వాదించుకుంటుంటారు. చూస్తే నవ్వొస్తుంది... తర్వాత టీవీ కట్టేస్తాను.

మీ ఊళ్ళలోనూ ఇట్లాంటివి జరిగే ఉంటాయి. కింద రాయండి. ఆ నాయకుల పేర్లు వద్దు, ఆ అధికారుల పేర్లూ వద్దు... దెబ్బలు తిన్నవాళ్ళ పేర్లు రాయండి. ఒక్కచోటైనా ఉండనీ.