ఇద్దరికీ ఒక్క మాస్కు

మొన్న గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే, ఇంటర్ చదివే మా మనవరాలు వైరస్ పాఠం పైకి చదువుతోంది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. "గా వైరస్ ఏం జేస్తదే?" అని అడిగాను. "దానికి సొంత పొయ్యి లేదు నాయినమ్మా. మన ఒంట్ల ఒక్కో కణం ఒక్కో ఇల్లనుకో. తలుపుకు అతుక్కొని లోపలికి జొరవడ్తది. మన పొయ్యి మీద, మన పిండితోనే తనలాంటియి మస్తు చేపిస్తది. ఇల్లు నిండినంక పలగొట్టుకొనొచ్చి పక్కిండ్ల మీద వడ్తయి," అంది. ఒకరి నుంచి ఒకరికి ఎట్లా పోతుందంటే, "దగ్గితే తుంపర్లల్ల. మాస్కు తడిల గూడ ఉంటది," అంది. నా చేయి చేటలోనే ఆగిపోయింది.

కరోనా నాటి సంగతి. ఫలక్‌నుమాలో మా గల్లీ చివరి రేషన్ దుకాణంలో మాస్కు లేనిదే తూకం దగ్గరికి రానిచ్చేవారు కాదు. నాది పాత చీర చింపి కుట్టుకున్నది. అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించే ఇల్లు మాది, మాస్కు కొనడమా! ఆ రోజు నేను చెల్లె అని పిలిచే పక్కింటామె మాస్కు మరిచి వచ్చింది. ఎదురు దుకాణంలో కొనబోతుంటే నేనే ఆపాను. "దండుగెందుకే? నా పనైనంక గిదే కట్టుకో." "ఉప్పు గూడ లెక్కవెట్టి ఏస్తవు గదక్కా నువ్వు," అని నవ్విందామె. నా బియ్యం తీసుకున్నాక మాస్కు తిరగేసి ఆమె చేతిలో పెట్టాను. ఎంగిలి వైపు బయటికి పోతే శుభ్రమేనని నా తెలివి.

వారం తిరక్కుండా ఆమె ఆసుపత్రి పాలైంది. బతికి వచ్చింది గానీ, ఇప్పటికీ బిందె నీళ్ళు మోస్తే ఆయాసంతో కూలబడుతుంది.

పాఠం విన్న సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. "చెల్లె, నీకు ఆ రోగం నా మాస్కుతోనే వచ్చిందేమోనే," అన్నాను. ఆమె మెంతికూర తుంచుతూ, "గప్పుడు గివన్ని ఎవలికెరుకక్కా? పోనియ్," అంది. అంతటితో లేచి రావచ్చు. కానీ అసలు మాట ఇంకా నా దగ్గరే ఉంది. "గప్పటికే నాకు రెండు దినాల సంది దగ్గుండె. రేషన్ వరుసలకెళ్ళి ఎల్లగొడ్తరని ఎవలికి చెప్పలే." ఆమె మెంతికూర పక్కన పెట్టింది. "నాకైన చెప్పకపోతివి గదక్కా," అని లోపలికి వెళ్ళింది. చాయ్ తాగమనలేదు.

నాకు చదువు లేదన్నది నిజమే. నా దగ్గు నాకు తెలియడానికి చదువెందుకు? ఏళ్ళు గడిస్తే తప్పు దానంతటదే పాతబడుతుందనుకున్నాను. దాచిన తప్పు పాతబడడం మొదలయ్యేది చెప్పిన రోజునుంచే కాబోలు.