పాలకేంద్రం గోడ మీద నీలం

మీరు నన్నెరగరు, అదే మంచిది. ఎరిగినవాళ్ళెవరూ నా మాట నమ్మరు. ఇన్నేళ్ళుగా గుండె మీద ఒక గోడ మోస్తున్నాను. నీలం రంగు గోడ. ఇవాళ మీ ముందు దించుతున్నాను.

మాది గుంటూరు అవతల మిరప పండే ఊరు. నాకున్న రెండెకరాల కంటే నా నాలుకే పొడుగని మావాళ్ళంటారు. టీకొట్టులో నేను కొయ్యని కోత లేదు.

మస్తాన్ మా ఊరివాడే. పురుగుమందుల కొట్లకు బోర్డులు రాసేవాడు. ఆ ఏడు పాలకేంద్రం గోడ మీద తనంతట తనే ఒక బొమ్మ వేశాడు. మిరపకాయలు కోస్తున్న ఆడమనిషి, వెనక గోడంతా నీలాకాశం. పాలు పోయడానికొచ్చినవాళ్ళు క్యాన్లు కింద పెట్టి మరీ చూసేవారు. నా కబుర్ల దగ్గర జనం పలచబడ్డారు. కుళ్ళుకున్నానా? అవును. ఇన్నాళ్ళూ కాదనే చెప్పుకున్నాను.

అదే ఏడు నల్ల తామర పురుగొచ్చి పూతంతా రాల్చేసింది. పురుగు నీలానికి వచ్చి అంటుకుంటుంది, చేలల్లో నీలం జిగురు అట్టలు కట్టండని వ్యవసాయాఫీసరు చెప్పాడు. టీకొట్టు దగ్గర అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. నవ్విద్దామనుకున్నాను. అరచెయ్యంత అట్టకే ఇన్నొస్తే, మస్తాన్ గోడకు కృష్ణ అవతల నుంచి కూడా దారి అడుక్కుంటూ వస్తున్నాయిలే అన్నాను.

ఎవరూ నవ్వలేదు.

మర్నాటికి గోడకు సున్నం కొట్టేశారు. పీకేసిన మిరప మొక్కలు తెచ్చి మస్తాన్ వాకిట్లో కుప్ప పోశారు. ఇక ఊళ్ళో కనపడొద్దన్నారు. ఊరొదిలి పోతూ బస్టాపులో నన్ను చూసి మస్తాన్ దగ్గరకొచ్చాడు.

"అన్నా, నిజంగా నా బొమ్మ వల్లేనా?"

"నాకేం తెలుసురా. అంటున్నారు మరి."

"ముందు ఎవరన్నారు?"

"ఊరంతా అంటుంటే ముందేంటి, వెనకేంటి? బస్సొచ్చింది, ఎక్కు."

టీకొట్టులో అన్నది నోటి దూల. ఇది మాత్రం తప్పు. నేనేరా, సరదాకన్నానని ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు? భయం అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను గానీ భయం కాదు, నా కోతను ఊరు మొదటిసారి నమ్మింది, ఆ రుచి వదులుకోబుద్ధి కాలేదు, అంతే.

ఇప్పుడతను జర్మనీలో పేరున్న చిత్రకారుడు. మిరప గోతాల మీద బొమ్మలు వేస్తాడు. ఊరు వెళ్ళగొట్టిన కళాకారుడని పేపర్లలో రాస్తారు. మొన్న ఫోన్లో అతని ఇంటర్వ్యూ విన్నాను. మీ బొమ్మల్లో ఆకాశం కూడా ఎర్రగా ఉంటుందేమని అడిగారెవరో.

"నీలం వాడనండి. దానివల్ల మా ఊరి పంట పోయింది" అన్నాడు.

మరుసటేడు గోడ తెల్లగా ఉన్నా పురుగొచ్చింది. ఊరు ఆ మాటే మర్చిపోయింది. అతను మర్చిపోలేదు. నమ్మాడు.

ముందు టీకొట్టులో నిజం చెప్పేశాను. "నీ కోతలన్నిట్లోకీ ఇదే పెద్దది" అని నవ్వారు. అందుకని మస్తాన్ నంబరు సంపాదించి వాట్సాప్‌లో రాశాను. నీ గోడ వల్ల పంట పోలేదురా, ఆ మాట పుట్టించింది నేను.

జవాబు రాలేదు. ఇమ్మని అడిగే మొహం నాకు లేదు. కానీ చదివినట్టు రెండు టిక్కులూ నీలంగా మారాయి. తర్వాత ఆకలేసింది. ఎన్నాళ్ళకో, కొత్త కారం కలుపుకుని కడుపునిండా తిన్నాను.